చుట్టరికం వేరు, గ్రూపు వేరు

బందరు, గుడివాడ, అవనిగడ్డ. నా ఉద్యోగమంతా ఈ మూడు ఊళ్ల ఆసుపత్రుల్లోనే గడిచింది. పని ల్యాబులో. రక్తం తీయడం, గ్రూపు చూడటం, ఎక్కించబోయే రక్తం ఆ మనిషికి పడుతుందో లేదో తేల్చడం. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయ్యాక, ల్యాబు పని నేర్చుకుంటున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చి సందేహాలు అడుగుతున్నారు. ఊళ్లోవాళ్లు ఎప్పటినుంచో అడుగుతూనే ఉన్నారు. ఎవరు అడిగినా చివరికి రెండు ప్రశ్నల దగ్గరికే వస్తారు: బిడ్డకు ఎవరి గ్రూపు వస్తుంది, ఎవరి రక్తం ఎవరికి పడుతుంది. మన వైపు ఈ రెంటికీ చుట్టరికం లెక్కనే జవాబు చెప్పేస్తుంటారు. చుట్టరికం చూసి రక్తం ఎక్కించకూడదు, గ్రూపు చూసి చుట్టరికాన్ని శంకించకూడదు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు మాటల చుట్టూనే ఉంటుంది.

1. బిడ్డ గ్రూపు తల్లిది కాకపోవచ్చు, తండ్రిదీ కాకపోవచ్చు.

ముక్కు మేనత్తది, నడక తాతది అన్నట్టు గ్రూపును చెప్పలేం. దానికి లెక్క ఉంది. గ్రూపును నిర్ణయించే జన్యువులు ప్రతి మనిషిలో రెండు ఉంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. అవి ఎ, బి, ఓ అనే మూడు రకాల్లో ఏవైనా కావచ్చు. ఎ, బి ఒకచోట చేరితే రెండూ పైకి కనిపిస్తాయి, ఆ మనిషి ఎబి. ఓ మాత్రం ఎ పక్కన ఉన్నా, బి పక్కన ఉన్నా దాక్కుంటుంది. రెండూ ఓ అయితేనే మనిషి ఓ గ్రూపు. అంటే ఎ గ్రూపు అని కార్డు రాసిచ్చిన మనిషి లోపల ఓ కూడా మోస్తూ ఉండొచ్చు. మామూలు పరీక్షలో అది తెలియదు.

ఇక్కడి నుంచి లెక్క తేలిక. తల్లిదండ్రులిద్దరూ ఓ అయితే పిల్లలు ఓ. ఒకరు ఎ, ఇంకొకరు బి అయితే, ఇద్దరిలోనూ ఓ దాగి ఉంటే, నలుగురు పిల్లలకు నాలుగు గ్రూపులు రావచ్చు. ఒకరు ఎబి, ఇంకొకరు ఓ అయితే పిల్లలు ఎ గానీ బి గానీ అవుతారు, తల్లి గ్రూపు రాదు, తండ్రి గ్రూపూ రాదు. ఈ చివరి సంగతి చెప్పినప్పుడు నమ్మలేక నా ముఖం వంక చూసినవాళ్లు చాలామంది. గ్రూపులను కార్ల్ లాండ్‌స్టైనర్ వియన్నాలో 1901 నాటికే కనిపెట్టినా, అవి వంశంలో దిగే ఈ లెక్కను 1924లో తేల్చింది ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ అనే జర్మన్ గణిత శాస్త్రవేత్త. కుటుంబాల గ్రూపులను లెక్కగట్టి, మూడు జన్యువులతోనే ఇదంతా నడుస్తోందని చెప్పాడు.

పాజిటివ్, నెగటివ్ సంగతి వేరే జన్యువుది. అందులో నెగటివ్ దాక్కునే రకం. కాబట్టి ఇద్దరు పాజిటివ్ తల్లిదండ్రులకు నెగటివ్ బిడ్డ పుట్టడం వింత కాదు.

2. గ్రూపు కాగితం పట్టుకుని ఆడపిల్లను నిందించకండి.

గుడివాడ వైపు ఒక ఊళ్లో జరిగింది. కోడలిది ఎ, కొడుకుది ఓ, పుట్టిన బిడ్డది బి. అత్తగారికి ఎవరో చదువుకున్నాయనే లెక్క చెప్పాడు, ఎ, ఓ కలిస్తే బి రాదని. లెక్క తప్పు కాదు. ఆ ఇంట్లో నెల రోజులు నిప్పు రాజుకుంది. కోడలి తండ్రి ముగ్గురినీ ల్యాబుకు తీసుకొచ్చాడు. మళ్లీ చూస్తే కొడుకుది ఓ కాదు, బి. "మరి మా వాడిది ఓ అని ఎవరు చెప్పారు?" అంటే డ్రైవింగ్ లైసెన్సు మీద ఉందన్నారు. లైసెన్సు మీద ఉండే గ్రూపు మనం ఫారంలో రాసిచ్చిందే. ఎప్పుడో కాలేజీలో స్నేహితుడు అన్న మాట, గుర్తున్నట్టు రాసిన అక్షరం అక్కడ అచ్చవుతుంది. ఆ అక్షరాన్ని నమ్మి ఒక పచ్చి బాలింత నెల రోజులు ఏడ్చింది.

గ్రూపు లెక్కతో ఫలానా ఆయన తండ్రి కాడేమో అనుకోవడానికి వీలుంటుంది కానీ, ఫలానా ఆయనే తండ్రి అని ఎప్పటికీ చెప్పలేం. కాడనే మాటకూ మినహాయింపులు ఉన్నాయి, ఒకటి మూడో పాఠంలో వస్తుంది. చార్లీ చాప్లిన్ మీద అమెరికాలో నడిచిన కేసు చూడండి. ఆయనది ఓ, తల్లిది ఎ, బిడ్డది బి. లెక్క ప్రకారం ఆయన తండ్రి కాడు. అయినా అప్పటి కాలిఫోర్నియా చట్టం ఆ పరీక్షను ఆఖరి సాక్ష్యంగా ఒప్పుకోలేదు. 1945లో తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చి, బిడ్డ పోషణకు డబ్బు కట్టాల్సి వచ్చింది. ఇప్పుడైతే దీనికి డీఎన్ఏ పరీక్ష ఉంది. మన హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం 1980ల చివర్లోనే ఆ పద్ధతిని మన దేశానికి తయారు చేసి పెట్టింది. నిజంగా తేల్చుకోవాల్సిన అవసరం ఉంటే కోర్టు ద్వారా ఆ దారిన వెళ్లాలి. మూడు గ్రూపు చీటీలు పక్కపక్కన పెట్టి పంచాయితీ చేయడం అన్యాయం.

3. ఒకే గ్రూపు దంపతులకు భయం లేదు. ఆలోచించాల్సింది మేనరికం గురించి.

సంబంధాలు చూసే రోజుల్లో జాతకాలతో పాటు గ్రూపు చీటీలు కూడా పట్టుకొస్తున్నారు. "ఇద్దరిదీ బి పాజిటివేనండీ, పిల్లలు సరిగ్గా పుట్టరంటగా?" అని అడుగుతారు. ఎవరు పుట్టించారో కానీ ఈ మాట డెల్టా అంతా పాకింది. ఒకే గ్రూపు వల్ల దంపతులకు గానీ పిల్లలకు గానీ ఏ చెడూ లేదు. మన రాష్ట్రంలో ఓ, బి గ్రూపులవాళ్లే ఎక్కువ, ఒకే గ్రూపు దంపతులు వీధికి నలుగురు ఉంటారు. ఆ భయంతో మంచి సంబంధాలు వదులుకున్నవాళ్లను చూశాను. మళ్లీ వాళ్లే మేనమామకు అమ్మాయిని ఇవ్వడానికి మాత్రం రెండో ఆలోచన చేయరు.

మేనరికంలో చిక్కు ఎక్కడుందంటే, దాగి ఉండే జన్యువుల దగ్గర. ఒకే తాత నుంచి వచ్చిన దాగుడు జన్యువు భార్యలోనూ భర్తలోనూ ఉంటే, బిడ్డలో రెండూ కలిసి బయటపడే అవకాశం పెరుగుతుంది. తలసీమియా లాంటి జబ్బులు అలాగే దిగుతాయి. రక్తం గ్రూపుల్లోనూ ఇలాంటిది ఒకటుంది. 1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే, ఆయన సహచరులు దాన్ని కనిపెట్టి లాన్సెట్ పత్రికలో రాశారు. అప్పటి నుంచి దాన్ని బొంబాయి గ్రూపు అంటున్నారు.

ఎ గానీ బి గానీ కణం మీద నిలబడాలంటే ముందు హెచ్ అనే పదార్థం ఉండాలి. ఓ గ్రూపు వాళ్లలో ఆ హెచ్ ఉంటుంది. బొంబాయి గ్రూపు వాళ్లలో అదే ఉండదు. అందుకని లోపల ఎ, బి జన్యువులు ఉన్నా పైకి తేలవు. పలక మీద రెండు చుక్కలు వేసి చూస్తే అచ్చం ఓ లాగే కనిపిస్తుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ మనిషికి ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. వాళ్లకు బొంబాయి గ్రూపు రక్తం ఒక్కటే పడుతుంది. మన దేశంలో సుమారు పది వేల మందిలో ఒకరు ఇలా ఉంటారని అంచనా. అలాంటి తల్లి పైకి ఓ లాగా కనిపిస్తూనే ఎబి బిడ్డను కనగలదు. ఇందాక మినహాయింపు అన్నది దీన్నే.

ల్యాబులో పనిచేసే పిల్లలకు ఒక మాట. పేషెంటు ఓ అని తేలి, క్రాస్ మ్యాచింగులో నిల్వ ఉన్న ఓ సంచులన్నీ గడ్డలు కడుతుంటే, సీరం పాడైందనుకుని ఊరుకోకండి. యాంటీ-హెచ్ పరీక్ష చేయండి. బొంబాయి గ్రూపని తేలితే ముందు ఆ మనిషి తోడబుట్టినవాళ్లను పిలిపించండి. ఒక్కొక్కరిలో అదే గ్రూపు ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. దేశమంతా వెతికే లోపు ఇంట్లోనే దొరకొచ్చు.

4. ఎర్ర కణాలకు ఒక లెక్క, ప్లాస్మాకు తలకిందుల లెక్క.

ఎ గ్రూపు మనిషి ప్లాస్మాలో బి ని ఎదిరించే యాంటీబాడీలు ఉంటాయి. బి మనిషిలో ఎ ని ఎదిరించేవి. ఓ మనిషిలో రెంటినీ ఎదిరించేవి. ఎబి మనిషిలో రెండూ ఉండవు. ఇవి ఎవరి రక్తమూ ఎక్కించకుండానే, పుట్టిన కొన్ని నెలల్లో వాటంతట అవే తయారవుతాయి. అందుకే తప్పు గ్రూపు మొదటిసారి ఎక్కినా ఆపదే.

ఎర్ర కణాలైతే ఓ నెగటివ్ అందరికీ ఇవ్వొచ్చు, ఎబి పాజిటివ్ అందరి దగ్గరా తీసుకోవచ్చు. ప్లాస్మా దగ్గర ఇది తిరగబడుతుంది. ఎబి ప్లాస్మా అందరికీ పడుతుంది, ఓ ప్లాస్మా ఓ కే పడుతుంది. ఇప్పుడు ఒక దాత ఇచ్చిన రక్తాన్ని కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్స్ అని విడదీస్తున్నారు కాబట్టి ఈ తేడా తెలిసి ఉండాలి. ఓ నెగటివ్ అందరికీ పనికొస్తుంది కదా అని దానికోసమే ఎగబడటం మాత్రం తగదు. మన దేశంలో నెగటివ్‌లందరూ కలిపి నూటికి ఐదుగురి దగ్గరలో ఉంటారు. ఓ నెగటివ్ అందులోనూ కొంతే. గ్రూపు చూసే వ్యవధి కూడా లేని ప్రమాదం కోసం దాన్ని దాచాలి. ఎవరి గ్రూపు వాళ్లకు ఎక్కించడమే పద్ధతి, అది కూడా క్రాస్ మ్యాచింగ్ చేశాకే.

5. వార్డులో ఇద్దరు నాంచారమ్మలు ఉంటారని గుర్తుపెట్టుకోండి.

బందరు, దివిసీమ ఆసుపత్రుల్లో నాంచారమ్మ, నాంచారయ్య, వెంకటేశ్వరమ్మ, నాగేశ్వరరావు అనే పేర్లు ఎన్నిసార్లు రాశానో. ఒక్కోసారి పక్క పక్క మంచాల మీదే ఇద్దరు నాంచారమ్మలు ఉండేవాళ్లు. తప్పు గ్రూపు ఎక్కడానికి ఎక్కువ కారణం పరీక్షలో పొరపాటు కాదు. ఒకరి శాంపిల్ మీద ఇంకొకరి పేరు పడటం, ఒకరి సంచి ఇంకొకరి మంచానికి చేరటం. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న సంగతి.

అందుకని "నువ్వు నాంచారమ్మవేనామ్మా?" అని అడగొద్దు. జ్వరంలో, మగతలో ఉన్న మనిషి దేనికైనా ఊ అంటుంది. "మీ పేరేంటమ్మా? ఇంటిపేరు? ఏ ఊరు? మీ ఆయన పేరు?" అని ఆమె నోటితోనే చెప్పించాలి. సీసా మీద చీటీ మంచం పక్కన నిలబడే రాయాలి, బల్ల దగ్గరికి వచ్చాక కాదు. సంచి తగిలించే ముందు ఇద్దరు చూడాలి. మొదటి పదిహేను నిమిషాలు నెమ్మదిగా ఎక్కిస్తూ మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. చలి, జ్వరం, నడుము నొప్పి, ఎర్రటి మూత్రం, ఏది కనిపించినా ముందు రక్తం ఆపాలి, తర్వాతే కారణం వెతకాలి. పక్కన కూర్చునే బంధువులకూ ఇది చెప్పండి. వాళ్లే ముందు గమనిస్తారు.

6. మనవాళ్ల రక్తమే మంచిదన్న నమ్మకం వదులుకోండి.

"బయటివాళ్ల రక్తం వద్దండీ, అన్నదమ్ములం ఇంతమందిమి ఉన్నాం" అని ఆసుపత్రికి ఆటోల్లో దిగుతారు. ఆ ప్రేమకు దండం పెట్టాల్సిందే. కానీ కన్నవాళ్ల, తోడబుట్టినవాళ్ల రక్తంలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. దాత రక్తంలోని కొన్ని తెల్ల కణాలు, చుట్టరికం వల్ల, రోగి శరీరానికి పరాయివిగా కనపడవు. అవి అక్కడే స్థిరపడి ఆ శరీరం మీదే దాడి చేయొచ్చు. అరుదే, కానీ వచ్చిందంటే బతకడం కష్టం. దగ్గరి బంధువుల రక్తం తప్పనిసరైతే దాన్ని రేడియేషన్‌కు గురిచేసి ఎక్కించాలి, ఆ సదుపాయం అన్నిచోట్లా ఉండదు. భర్త రక్తాన్ని పిల్లలు కనే వయసులో ఉన్న భార్యకు ఎక్కించడమూ మంచిది కాదు. భర్త కణాల మీద ఆమెలో యాంటీబాడీలు తయారైతే, రేపు ఆయన పోలికతో కడుపున పడే బిడ్డకు ముప్పు. ఆ అన్నదమ్ములు తమ రక్తం రక్తనిధికి ఇచ్చి, బదులుగా వేరే దాత సంచి తీసుకుంటే అందరికీ క్షేమం.

7. తల్లి నెగటివ్, తండ్రి పాజిటివ్ అయితే పుట్టబోయే బిడ్డ గురించి ముందే లెక్క వేసుకోవాలి.

అన్నిటికంటే నా మనసుకు దగ్గరైన పాఠం ఇది. నెగటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ మొదటి కాన్పులో సాధారణంగా ఆరోగ్యంగానే పుడుతుంది. ఆ కాన్పులో బిడ్డ రక్తం కొంచెం తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. రెండో బిడ్డ కూడా పాజిటివ్ అయితే అవి మాయ దాటి వెళ్లి బిడ్డ ఎర్ర కణాలను పగలగొడతాయి. రక్తహీనత, తీవ్రమైన కామెర్లు, కడుపులోనే చనిపోవడం. "మొదటిది బాగానే పుట్టింది, తర్వాతవేవీ దక్కలేదు, ఎవరో చేతబడి చేశారు" అని చెప్పుకున్న తల్లులు పాత రోజుల్లో ఊరికొకరు ఉండేవాళ్లు. అందులో కొందరి సంగతి ఇదేనని నాకు గట్టి నమ్మకం.

దీనికి మందు ఉంది. యాంటీ-డి ఇంజెక్షన్. 28వ వారంలో ఒకటి, పాజిటివ్ బిడ్డ పుట్టిన 72 గంటల లోపు ఒకటి. గర్భం పోయినా, మధ్యలో రక్తస్రావం అయినా డాక్టరును అడగాలి. గర్భస్రావం తర్వాత దీన్ని మరిచిపోవడం చాలాసార్లు చూశాను, ఏడుపుల మధ్య ఎవరికీ గుర్తుండదు. ఒకసారి యాంటీబాడీలు తయారయ్యాక ఈ ఇంజెక్షన్ పనిచేయదు, అందుకే ముందు కూంబ్స్ పరీక్ష చేయిస్తారు. తండ్రి కూడా నెగటివ్ అయితే, లేదా బిడ్డ నెగటివ్ అయితే దీని అవసరమే లేదు.

ఈ మందు దాతల ప్లాస్మా నుంచే వస్తుంది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన 1954 నుంచి 2018 వరకు 1,173 సార్లు ఇచ్చాడు. ఆయన ప్లాస్మా 24 లక్షల మంది పసిపిల్లలకు రక్షణ ఇచ్చిందని అక్కడి రెడ్‌క్రాస్ లెక్క. 2025 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

దివిసీమలో నాకున్న దిగులు దారి గురించి. ఎదురుమొండి లాంటి లంకల నుంచి పంటు దాటి రావాలి. అవనిగడ్డ చేరాక బందరుకు ఇంకో ముప్పై కిలోమీటర్ల పైనే. 1977 నవంబరు 19 ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే పది వేల మంది పోయారు. అప్పటికంటే రోడ్లు, వంతెనలు మెరుగయ్యాయి, కానీ అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పడితే లంకల్లో పంటు ఇప్పటికీ ఆగుతుంది. ఆ నెలల్లో కాన్పు ఉన్న నెగటివ్ తల్లిని రెండు వారాల ముందే అవనిగడ్డలోనో బందరులోనో బంధువుల ఇంట్లో ఉంచండి. 72 గంటలు అంటే తుపాను రోజుల్లో చాలా తక్కువ సమయం. ఇంజెక్షన్ అక్కడ ఉందో లేదో కనుక్కోవడం కూడా కాన్పుకు ముందే జరగాలి.

8. రక్తపింజర కాటుకు రక్తం మందు కాదు.

నాట్ల కాలంలో దివిసీమ పొలాల్లో పాము కాట్లు పెరుగుతాయి. రక్తపింజర కరిస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, చిగుళ్ల నుంచి కూడా కారుతుంది. అది చూసి మనవాళ్లు గ్రూపు కనుక్కుని దాతల కోసం పరుగెడతారు. ముందు కావలసింది విషానికి విరుగుడు సూది. దానికి గ్రూపుతో పని లేదు. పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తే గడ్డకట్టిందో లేదో తెలిసిపోతుంది. దాన్నిబట్టి డాక్టరు విరుగుడు మొదలుపెడతారు. రక్తం అవసరమైతే ఆ తర్వాత.

9. ఎండాకాలంలో ఇచ్చే రక్తానికి విలువ ఎక్కువ.

ఒకప్పుడు ఆసుపత్రుల బయట రక్తం అమ్ముకునేవాళ్లు కాచుకుని ఉండేవాళ్లు. 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి, 1998 జనవరి నుంచి ఆ అమ్మకాన్ని ఆపించింది. అదే సంవత్సరం అక్టోబరు 2న హైదరాబాద్‌లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు మొదలయ్యాక, అభిమానులుగా మొదలైన కుర్రాళ్లు మన జిల్లాలో కూడా దాతలయ్యారు. ఆ మార్పు నా కళ్లముందు జరిగింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. కానీ పుట్టినరోజు శిబిరాల్లో ఒకేసారి ఇచ్చేస్తే అన్ని సంచులూ నిలవవు. ఎర్ర కణాలు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్స్ 5 రోజులే. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులిస్తే దాతలు ఉండరు, కాన్పులు, ప్రమాదాలు ఆగవు.

పద్దెనిమిది నుంచి అరవై ఐదేళ్ల మధ్య వయసు, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. ఇంట్లో ఎవరి గ్రూపైనా నోటిమాటగా మాత్రమే తెలిసి ఉంటే ఈ వారంలోనే ల్యాబులో పరీక్ష చేయించండి, కాగితం భద్రంగా ఉంచండి. నెగటివ్ గ్రూపు అని తేలితే ఆ కుటుంబంలో మిగతావాళ్లకూ చేయించండి, పెళ్లీడు ఆడపిల్లకైతే తప్పకుండా. గుడివాడలో ఉన్నా, బందరులో ఉన్నా, లంకల్లో ఉన్నా, నెగటివ్ వాళ్లు దగ్గరలోని రక్తనిధికి వెళ్లి పేరు, ఫోను నంబరు రాయించి రండి. పిలిచిన రోజు వెళ్లండి.